యూరల్ తీరపు ఇంటికి ఏమి పట్టుకెళ్ళాలి?

రాయపూరు నుంచి భిలాయికి వెళ్ళే దారిలో ఖారూన్ నది దాటగానే కుమ్హారి కనిపిస్తుంది. హౌరా–ముంబయి రైలు మార్గం మీద అదొక చిన్న స్టేషను. హిందీలో కుమ్హార్ అంటే కుమ్మరి గనుక ఆ ఊరి పేరు తెలుగు చెవికి పరాయిదిగా తోచదు. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రాంతమంతా ఇప్పుడు సొంతగడ్డే. ఇలాంటి ఇళ్ళలో ఏ అద్దాల బీరువాలోనైనా, ఏడుకొండలవాడి పటానికి పక్కన, ఒకదాని కడుపులో ఒకటి ఇమిడిపోయే రష్యన్ కొయ్యబొమ్మ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకప్పుడు శిక్షణకు వెళ్ళిన తండ్రికో తాతకో అక్కడి ఆతిథేయులు ఇచ్చి పంపిన కానుక అది.

అటునుంచి వచ్చిన కానుక సరే. ఇటునుంచి అటు వెళ్ళేవారు ఏమి పట్టుకెళ్ళాలి? మాస్కోలో హోటలులో దిగి, క్రెమ్లిన్ చూసి తిరిగివచ్చే యాత్రికునికి ఈ ప్రశ్న ఎదురుకాదు. చదువు కోసమో, ఉద్యోగం మీదనో, తాతల నాటి స్నేహాన్ని వెతుక్కుంటూనో మాగ్నిటోగోర్స్క్ వంటి లోతట్టు పారిశ్రామిక నగరానికి వెళ్ళి ఒకరి ఇంట అతిథిగా ఉండబోయేవారికే ఇది సమస్య. తెలుగు పెద్దలు గుడికి, గురువు వద్దకు, పసిబిడ్డలున్న ఇంటికి వట్టిచేతులతో పోరాదంటారు. రష్యన్లదీ అదే మాట. అక్కడ ఒక పూట టీకి పిలిచినా అతిథి చేతిలో ఏదో ఒక తీపి పదార్థం ఉండి తీరవలసిందే.

చేతిలో ఏదో ఒకటి ఉంటే చాలదు. ఆ ఇంటివారు అతిథి కోసం పడే శ్రమ బయటికి కనిపించేదానికన్న ఎక్కువ. విదేశీయుడు తమ ఇంట దిగితే అతని పేరును స్థానిక అధికారుల వద్ద నమోదు చేయించవలసిన బాధ్యత సాధారణంగా ఆతిథ్యమిచ్చిన వారిదే. అందుకు గడువు ఏడు పనిదినాలు. అంటే, వంటింట్లో పిండి కలపడమే కాదు, కార్యాలయంలో వరుసలో నిలబడడం కూడా వారి ఆతిథ్యంలో భాగమే. ఇంతటి శ్రమకు బదులుగా విమానాశ్రయంలో చివరి నిమిషంలో కొన్న తాళంచెవుల గొలుసు చేతిలో పెడితే ఆ వస్తువు చిన్నదని వారు నొచ్చుకోరు. తమ గురించి అతిథి ఒక్క క్షణమైనా ఆలోచించలేదని నొచ్చుకుంటారు. పోనీ, బంగారు గొలుసు పెడితే మరీ చిక్కు. దానికి సరితూగే ప్రతికానుక కోసం మధ్యతరగతి గృహస్థు తన బీరువా అంతా వెతుక్కోవలసి వస్తుంది. కానుక పేరిట అప్పు మోపినట్లవుతుంది.

అప్పు అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు.

అప్పు తీర్చిన తేయాకు

భిలాయి సోవియట్ యూనియన్ భారతదేశానికి ఇచ్చిన కానుక అని చాలామంది అనుకొంటారు. అది కానుక కాదు, అప్పు. 1955 ఫిబ్రవరి 2న న్యూఢిల్లీలో ఉభయ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక జరిగింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తయారుచేయగల కర్మాగారానికి సోవియట్ ప్రభుత్వం రెండున్నర శాతం వడ్డీకి రుణమిచ్చింది. పన్నెండు వార్షిక వాయిదాలలో తీర్చే ఏర్పాటు. తీర్చవలసినది డాలర్లలో కాదు, రూపాయలలో. ఆ రూపాయలతో వారు భారతీయ సరుకులు కొనుక్కొనేవారు. తేయాకు, జనపనార, తోలు వంటివి ఓడల్లో అటు తరలిపోయాయి. భిలాయిలోని ఊదుకొలుముల ఖరీదులో కొంత భాగాన్ని అస్సాం తేయాకు తోటలు తీర్చాయంటే అతిశయోక్తి కాదు. ఏనుగు బొమ్మ ముద్రించిన భారతీయ టీ పొట్లాం ఆ దేశంలో ఒక తరం మొత్తానికి గుర్తుండిపోయింది. టీని వారు ‘చాయ్’ అంటారు. కుమ్హారి స్టేషనులో అమ్మేవాడు కేకవేసే మాటే అది.

ఇచ్చిన చేయి పైన, పుచ్చుకొన్న చేయి కింద అన్న భావం లేకుండా నడిచిన వ్యవహారం గనుకనే ఆ స్నేహం ఇళ్ళదాకా వచ్చింది. 1955 జూన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ సోవియట్ దేశ పర్యటనలో మాగ్నిటోగోర్స్క్‌కు వెళ్ళి అక్కడి ఉక్కు కర్మాగారాన్ని చూశారు. రెండేళ్ళ తరువాత భిలాయి నిర్మాణానికి ప్రధాన ఇంజనీరుగా వచ్చిన వెనియమీన్ డిమ్షిత్స్ అంతకుముందు ఆ మాగ్నిటోగోర్స్క్‌లోనే నిర్మాణ సంస్థకు అధిపతిగా పనిచేసినవారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి ఊదుకొలిమిని ప్రారంభించారు. మరుసటి ఏడు నికితా క్రుశ్చేవ్ స్వయంగా వచ్చి చూసిపోయారు. సోవియట్ నిపుణులు కుటుంబాలతో సహా భిలాయిలో కాపురమున్నారు. వందలాది భారతీయ యువకులు శిక్షణ కోసం అక్కడి కర్మాగారాలకు వెళ్ళారు. ఉభయ దేశాల మైత్రికి గుర్తుగా 1972లో భిలాయిలో వెలసిన ఉద్యానవనం పేరు ‘మైత్రీబాగ్’. విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా 1979లో సోవియట్ సహకారంతో ఒప్పందం కుదరడంతో మరొక తరం తెలుగువారికి ఆ దారి పరిచయమయింది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. ఆనాడు మనవారు ‘రష్యా వెళ్ళివచ్చాము’ అని చెప్పుకొన్న ఊళ్ళన్నీ రష్యాలో లేవు. ఉక్కుకు పేరుపొందిన జపరోజ్యె, మరియుపోల్ వంటి నగరాలు ఉక్రెయిన్‌వి. 2022 ఫిబ్రవరిలో మొదలైన యుద్ధం తరువాత ఈ తేడా కేవలం భూగోళ పాఠం కాదు. తాతగారి పాత ఫోటో వెనుక రాసి ఉన్న ఊరు ఏ దేశంలో ఉన్నదో బయలుదేరే ముందే తెలుసుకోవడం మంచిది. అలాగే భోజనాల బల్ల వద్ద యుద్ధం ఊసు అతిథి తనంతట తాను ఎత్తకపోవడం మర్యాద; ఆ ఇంటి కుర్రవాడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?

గడపకు ఇవతల, అవతల

మాగ్నిటోగోర్స్క్ యూరల్ నదికి ఇరువైపులా విస్తరించిన నగరం. ఇనుప ఖనిజం నిండిన ‘అయస్కాంతపు కొండ’ వల్ల దానికి ఆ పేరు వచ్చింది. భిలాయికి దల్లీ–రాజ్‌హరా గనులు ఎలాగో, దానికి ఆ కొండ అలాగ. 1929లో నిర్మాణం ఆరంభమై, 1932 ఫిబ్రవరి 1న మొదటి పోత ఇనుము బయటికి వచ్చింది. నదికి ఎడమ ఒడ్డు ఆసియా, కుడి ఒడ్డు యూరప్. కర్మాగారం ఆసియా వైపున, కొత్త నివాసాలలో చాలా భాగం యూరప్ వైపున ఉన్నాయి. ఆసియాలో పనిచేసి యూరప్‌లో నిద్రపోయే నగరమని అక్కడివారు సరదాగా చెప్పుకొంటారు. ఇంత దూరం పోయినా అక్కడి గడియారం మన గడియారానికి అరగంట మాత్రమే వెనుక. మాస్కో రెండున్నర గంటల వెనుక.

దూరదేశపు మర్యాదలు మనకు పూర్తిగా కొత్తవేమో అనుకొని భయపడేవారికి ఊరట కలిగించే సంగతి ఒకటున్నది. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి వస్తువులు ఇచ్చిపుచ్చుకోరాదని మన ఇళ్ళలో పెద్దలు మందలిస్తారు. రష్యన్ ఇల్లాలూ అంతే. తలుపు తీయగానే ఆత్రంగా చేయి చాచితే ఆమె నవ్వి, చేయి అందుకోకుండా అతిథిని లోపలికి లాగుతుంది. గడప మీద కరచాలనం కూడదు, కానుక కూడదు. లోపలికి అడుగుపెట్టి, బూట్లు విప్పి, ఆమె ఇచ్చిన ఇంటి చెప్పులు తొడుక్కొన్న తరువాతనే సంచి విప్పాలి. పక్కింటివారు పులుసు పోసి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకుండా పటికబెల్లం ముక్కైనా వేసి ఇవ్వడం మన ఆచారం. అక్కడా పాత్రను ఖాళీగా తిప్పిపంపరు. చేతిసంచీ, పర్సు కానుకగా ఇస్తే అందులో ఒక నాణెం వేసి ఇవ్వాలంటారు.

ఉప్పు దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. మన ఇళ్ళలో ఉప్పు చేతికి చేయి అందివ్వరు, జగడమొస్తుందని కింద పెడతారు. గౌరవనీయుడైన అతిథికి రష్యన్లు ఎదురేగి ఇచ్చేదే రొట్టె, ఉప్పు. అయితే ఉప్పు ఒలికితే జగడమని వారూ నమ్ముతారు. లెక్కల దగ్గర మరీ విచిత్రం. మనకు శుభమైన నూటపదహారు సరిసంఖ్య. అక్కడ పూలు ఇచ్చేటప్పుడు సరిసంఖ్య అంత్యక్రియలకు మాత్రమే చెల్లుతుంది. బతికున్నవారికి మూడో, ఐదో, ఏడో ఇవ్వాలి. ధారాళంగా రెండు డజన్ల గులాబీలు పట్టుకుపోయిన మనవాడు ఆ ఇంట శోకం పలికించినట్లే. పసుపు వన్నె పూలు ఎడబాటుకు గుర్తని పాతకాలపువారు అనుమానిస్తారు; పసుపు లేనిదే శుభం లేదనుకొనే తెలుగువారికి ఇది మింగుడుపడని సంగతి. చేతిరుమాళ్ళు కన్నీళ్ళు తెస్తాయట. గడియారం విడిపోవడాన్ని సూచిస్తుందట. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు చెప్పినా అపశకునమే. ఈ నమ్మకాలను నేటి యువతరం నవ్వుతూనే పాటిస్తుంది. మన పిల్లలు పిల్లి ఎదురొస్తే ఒక క్షణం ఆగినట్లే.

కానుకను అందుకొని లోపల పెట్టి, అతిథి వెళ్ళాక విప్పిచూడడం మనకు మర్యాద. అక్కడ సాధారణంగా ఎదుటనే విప్పుతారు. అందుచేత వస్తువుతోపాటు నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకోవాలి: ఇది ఎక్కడిది, ఎవరు చేశారు, ఎలా చేశారు అని. రష్యన్ రానివారు ఒక కాగితం మీద రాయించుకొని పోవడం మేలు. పెద్దవారిని పిలవడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. మన ‘గారు’ చేసే పనిని అక్కడ తండ్రి పేరు చేస్తుంది. ఇవాన్ అనే పెద్దమనిషి తండ్రి పేరు ప్యోత్ర్ అయితే అతనిని ‘ఇవాన్ పెత్రోవిచ్’ అనాలి. ఇంటి పెద్దల పేర్లతో వారి తండ్రుల పేర్లు కూడా ముందే అడిగి తెలుసుకొన్న అతిథి, సంచి విప్పకముందే ఒక కానుక ఇచ్చినట్లు.

పోతపని తెలిసిన ఇంటికి

ఇక సంచిలోకి వద్దాం. మాగ్నిటోగోర్స్క్ ఆతిథేయులలో కర్మాగారంతో సంబంధం లేని కుటుంబం అరుదు. కరిగిన లోహం అచ్చులోకి ఎలా పారుతుందో, ఎక్కడ గాలి చిక్కుకొంటుందో, చల్లారేటప్పుడు ఎందుకు పగులుతుందో ఆ ఇంట చెప్పనక్కరలేదు. అలాంటి ఇంటికి ఛత్తీస్‌గఢ్ నుంచి పోయేవారికి బస్తరు ఢోక్రా బొమ్మను మించినది దొరకదు.

కొండగావ్ ప్రాంతపు ఘడ్వా శిల్పులు చేసే ఈ పనిని మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానమన్నాయి. మధూచ్ఛిష్టమంటే తేనెమైనం. ముందు మట్టితో బొమ్మ ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి ఆ మట్టి మీద చుట్టి, కన్ను, ముక్కు, నగలు, జడ అన్నీ మైనంతోనే తీరుస్తారు. దాని మీద మెత్తని మట్టి, ఆ పైన ముతక మట్టి పట్టిస్తారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది. అది విడిచిన సందులోకి కరిగిన ఇత్తడి ప్రవేశిస్తుంది. చల్లారాక మట్టిని పగులగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోయింది గనుక అలాంటి బొమ్మ రెండవది ఉండదు. తెలంగాణలో ఆదిలాబాదు ఓజుల చేతిలోనూ ఇదే విద్య బతికి ఉన్నది. వేల టన్నుల కొలుముల మధ్య బతికిన మనిషి అరచేతిలో ఇమిడే ఈ పోతను అటూ ఇటూ తిప్పి, మైనపు దారం జాడలు లోహంలో నిలిచి ఉండడం గమనించినప్పుడు, అది ఒక పనివాడు మరొక పనివాడికి పంపిన సందేశమవుతుంది.

ఈ ఎంపికకు మరొక బలమున్నది. మాగ్నిటోగోర్స్క్ ఉన్న చెల్యాబిన్స్క్ ప్రాంతంలోనే కాస్లీ అనే ఊరు పోత ఇనుప శిల్పాలకు పేరుపొందింది. ఆ ఊరివారు పోత ఇనుముతో అల్లిన మంటపం 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి పొందింది. ఆ మంటపం ఇప్పుడు యెకతెరీన్‌బుర్గ్ కళామ్యూజియంలో ఉన్నది. లేసు అల్లికలాంటి ఇనుప పోతను చూసి పెరిగినవారు ఢోక్రాను మోటుపని అనుకోరు. దాని కష్టం వారికి తెలుసు.

ఏ బొమ్మ తీసుకోవాలన్న ప్రశ్న వస్తుంది. దేవతా విగ్రహాలు మనకు పూజనీయం. అక్కడి సనాతన క్రైస్తవ కుటుంబానికి అవి ఇబ్బంది కావచ్చు. ఏనుగు అయితే ఏ బాధా లేదు. 1950ల నాటి సోవియట్ ఇళ్ళలో, పెద్దది మొదలు చిన్నది దాకా వరుసగా నిలిపిన ఏడు ఏనుగుల బొమ్మలు సుఖసంతోషాలకు గుర్తుగా అలమర మీద ఉండేవి. ఆ ఫ్యాషన్‌ను అప్పటి రచయితలు ఎగతాళి చేశారు గానీ బామ్మలు మాత్రం ఏనుగులను పారవేయలేదు. బరువు సంగతి మరువరాదు. ఇత్తడి ఏనుగు చూడడానికి చిన్నదే, తూకంలో కాదు. విమానంలో సామానుకు హద్దున్నది. కొన్న చోట రసీదు అడిగి తీసుకోవాలి. ఢోక్రా బొమ్మ కొత్తదైనా పాతదానిలా కనిపిస్తుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలను దేశం దాటించరాదు గనుక తనిఖీ అధికారికి సందేహం రావడం సహజం.

ఇల్లాలికి కోసా పట్టు తగినది. హౌరా మార్గం మీదనే బిలాస్‌పూర్‌కు తూర్పున ఉన్న చాంపా దానికి పెట్టింది పేరు. మద్ది చెట్ల ఆకులు తినే పురుగు కట్టిన గూటి నుంచి తీసే నూలు అది. రంగు అద్దకుండానే తేనెవన్నెలో ఉంటుంది. అయితే చలికి కప్పుకొనే శాలువా పట్టుకుపోవడం పొరపాటు. మాగ్నిటోగోర్స్క్‌కు పొరుగు ప్రాంతమైన ఒరెన్‌బుర్గ్ మేక నూగుతో అల్లిన శాలువాలకు నిలయం. ఉంగరంలోంచి దూరిపోయేటంత సన్నగా, అయినా మంచును ఆపేటంత వెచ్చగా ఉంటాయవి. సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన బతికేవారికి వెచ్చదనం మనం నేర్పనక్కరలేదు. భుజాన వేసుకొనే పలుచని కోసా ఉత్తరీయం చాలు. వారి దగ్గర లేనిది ఎండ రంగు. చీర ఇవ్వాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. కట్టి చూపేవారు ఉంటేనే చీర కానుక, లేకపోతే అది కిటికీ తెర అవుతుంది. రాజ్‌కపూర్ ‘ఆవారా’ 1954లో సోవియట్ తెరలకు వచ్చింది. ఆ చిత్రాలు చూసి పెరిగిన వయసు మళ్ళిన స్త్రీకి మాత్రం చీర ఇవ్వండి, కట్టించి ఒక ఫోటో కూడా తీయండి.

పిల్లలున్న ఇంటికి ఏటికొప్పాక లక్కపిడతలు. వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకే రంగు లక్క అద్ది బొమ్మలు చేస్తారు. చెట్ల రంగులతో ఆ విద్యను నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. రష్యన్ మత్ర్యోష్కా కూడా తరిమెన పనే. 1890లలో పుట్టి 1900లో ఆ పారిస్ ప్రదర్శనలోనే పేరు తెచ్చుకొన్నది. ఒకే విధమైన పని రెండు దేశాల్లో చేసిన బొమ్మలు ఒకే అలమరలో పక్కపక్కన నిలబడతాయి. ఎర్రచందనం బొమ్మల జోలికి మాత్రం పోరాదు. ఆ కర్రను అనుమతి లేకుండా సరిహద్దు దాటించడం నేరం. నెమలి ఈకలు, దంతపు వస్తువుల సంగతీ అంతే.

తినే వస్తువుల్లో మనవారి మొదటి తలపు ఆవకాయ. ఆ తలపును అక్కడే ఆపాలి. నూనె కారి కోసా ఉత్తరీయాన్ని పాడుచేస్తుంది. పైగా మిరపకారం వారి నాలుకకు అలవాటు లేదు. పలాస జీడిపప్పు ఎవరికైనా నచ్చుతుంది. ఆత్రేయపురం పూతరేకులు గట్టి డబ్బాలో పెడితే నలగకుండా చేరతాయి. కాగితం తింటున్నారేమోనని ఒక్క క్షణం జంకినా, టీతో కలిపి రుచి చూశాక ఆ డబ్బా ఆ పూటే ఖాళీ. ఇంట్లో చేసిన పాలకోవా, మూతలేని తినుబండారాలు, విత్తనాలు, మొక్కలు సరిహద్దు తనిఖీలో ఆగిపోతాయి. కర్మాగారంలో మూతవేసిన పొట్లాలే క్షేమం. టీ తీసుకుపోవాలా? భారతీయ టీ అక్కడి ప్రతి దుకాణంలోనూ ఉన్నది. పేరున్న తోట నుంచి వచ్చిన ఆకు అయితేనే కానుక అనిపించుకొంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ మరింత కొత్తదనం.

ఈ లెక్కలన్నీ కొత్తవి కావు. 15వ శతాబ్దంలో అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు త్వేర్ అనే రష్యన్ పట్టణం నుంచి దక్కనుకు వచ్చి బీదరులో ఉన్నాడు. అమ్మకానికి అతడు తెచ్చింది ఒక గుర్రం. దాన్ని జున్నరు పాలకుడు లాక్కొని, మతం మార్చుకొంటే తిరిగి ఇస్తానన్నాడు. ఒక ఖొరాసాను పెద్దమనిషి కల్పించుకోవడంతో అది దక్కింది. శివరాత్రి ఉత్సవానికి నికితిన్ ‘పర్వతం’ వెళ్ళాడు. అది శ్రీశైలమేనని పండితుల నిర్ణయం. ఇక్కడి సరుకంతా చూసి, తమ దేశానికి పనికివచ్చేది ఏమీ లేదని, తనకు చెప్పినవారు మోసగించారని అతడు తన యాత్రాగ్రంథంలో వాపోయాడు. ఎంత ఖరీదు సరుకైనా అందుకొనేవారి ఇంటికి ఒదగకపోతే వృథా అని ఆ వర్తకుడికి తెలుసు. తిరుగు ప్రయాణంలో స్వగ్రామం చేరకుండానే స్మోలెన్స్క్ దాపున కన్నుమూశాడు. గ్రంథం మిగిలింది.

ఫోటో వెనుక పేర్లు

ఖరీదుతో నిమిత్తం లేని కానుక ఒకటున్నది. భిలాయి, కుమ్హారి, దుర్గ్ ఇళ్ళలోని ఇనుప పెట్టెల్లో కొలిమి ముందు, క్యాంటీను ముందు, పూలదండలతో నిలబడిన భారతీయ, సోవియట్ పనివారి నలుపు తెలుపు ఫోటోలు ఇంకా ఉన్నాయి. వాటిలోని మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పేర్లు గుర్తున్న పెద్దలు ఉన్నప్పుడే, ఎడమ నుంచి కుడికి వరుసగా, ఎవరెవరో రాయించి, మంచి నకలు తీయించి, మాగ్నిటోగోర్స్క్‌కు తీసుకువెళ్ళవచ్చు. అసలు ఫోటోను మాత్రం ఇంట్లోనే ఉంచాలి. అవతలి ఇంటివారు ఆ నకలులో తమ తాతను గుర్తుపట్టవచ్చు, పట్టకపోవచ్చు. పట్టకపోయినా భిలాయిలో పనిచేసిన మరొకరి కుటుంబం ఆ వీధిలోనే ఉండి ఉండవచ్చు. భిలాయిలో బాల్యం గడిపిన రష్యన్ పిల్లలు ఇప్పుడు డెబ్బై ఏళ్ళవారు. ఇది వాయిదా వేయదగిన పని కాదు.

ప్రయాణపు పనులు మిగిలినవి తేలికే. 2023 ఆగస్టు నుంచి భారతీయులకు ఎలక్ట్రానిక్ వీసా లభిస్తున్నది. ఢిల్లీ నుంచి మాస్కో, మాస్కో నుంచి యూరల్ వైపు మరొక విమానం. 2022 మార్చి నుంచి విదేశాలలో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయడం లేదు. మడత పడని డాలర్ నోట్లు వెంట ఉండాలి. శాకాహారులు ఆ సంగతి ముందే చెప్పాలి. చెప్పితే బీట్‌రూటు, బంగాళదుంపల సలాడు, బక్‌వీట్ జావ, పుట్టగొడుగులు బల్ల నింపుతాయి. చెప్పకపోతే ఇల్లాలు పొద్దంతా కూర్చొని చుట్టిన మాంసపు పెల్మేనీల ముందు చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తుంది. ఆమె శ్రమకు అంతకన్న పెద్ద అవమానం లేదు. మద్యం ముట్టనివారు గ్లాసులో పండ్లరసం పోయించుకొని అందరితో పాటు ఎత్తితే సరిపోతుంది. శుభాకాంక్ష చెప్పకుండా మాత్రం ఊరుకోరాదు.

తిరిగివచ్చేటప్పుడు సంచి ఖాళీగా ఉంటుందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఇంట్లో పెట్టిన జామ్ సీసా, మిఠాయిల డబ్బా, కాస్లీ ఇనుప బొమ్మ, ఇవన్నీ వద్దన్నా వచ్చి పడతాయి. పాత సమోవార్, పాత పటం ఇస్తే మాత్రం మర్యాదగా వద్దనాలి; పురాతన వస్తువులను అనుమతిపత్రం లేకుండా ఆ దేశమూ దాటనివ్వదు. ఆ ప్రాంతంలోనే ఉన్న జ్లతఊస్త్ పట్టణం ఉక్కు మీద చెక్కే నగిషీకి ప్రసిద్ధి. అక్కడి కత్తి ఆ ప్రాంతపువారికి గర్వకారణం. కానీ పదునైన వస్తువు కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందన్న నమ్మకమూ వారిదే. అందుకు వారే ఉపాయం కనిపెట్టారు: పుచ్చుకొనేవాడు ఒక నాణెం ఇస్తే అది కానుక కాదు, కొనుగోలు. కత్తిని విమానంలో చేతిసంచిలో గాక పెద్ద పెట్టెలో పెట్టాలి. కుమ్హారిలో రైలెక్కే ముందు నాలుగు రూపాయి బిళ్ళలు జేబులో వేసుకొంటే ఆ బాకీ అక్కడికక్కడే తీరిపోతుంది.